గడప తొక్కనివ్వండి

(హన్మకొండలో ఒక గ్రంథాలయ పాఠకుల నెలవారీ సమావేశంలో, మనస్తత్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభలో వచ్చిన ప్రశ్నలు, ఆమె జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి ఉక్కపోస్తున్నా ఇంతమంది వచ్చారు. పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లులు కూడా కనిపిస్తున్నారు. చాలా సంతోషం.

నిర్వాహకులు నన్ను ‘దొంగ బాబాలు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ పేరు మార్చమని కోరాను. బాబా దొంగ అని తేలడానికి ఒక కోర్టు తీర్పు చాలు. ఆయన దగ్గరికి వెళ్లిన మనిషి ఎవరు, ఏ లోటుతో వెళ్లింది, వెళ్లాక ఆమె వెనక తలుపు ఎవరు మూశారు అనేది తేలాలంటే మాత్రం మన ఇంట్లో మనమే కూర్చుని ఆలోచించుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. అంతకు ముందు నుంచే నేను ఒకామెకు చెల్లెలిని. ఈ రోజు ఎక్కువగా చెల్లెలిగానే మాట్లాడతాను.

‘కల్ట్’ అనే మాట ఈ మధ్య సినిమా పోస్టర్ల మీద పొగడ్తగా కనిపిస్తోంది. నేను మాట్లాడేది దాని పాత అర్థం గురించి. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. మఠం అంటే చేతులు జోడిస్తాం, ముఠా అంటే పోలీసులకు చెబుతాం. మధ్యలో ఉన్నదానికి పేరు లేదు కాబట్టి అది మన వీధిలోనే ఉన్నా పోల్చుకోలేకపోతున్నాం. నేను దాన్ని ‘కట్టడి గుంపు’ అంటాను. దేవుడి పేరుతో ఉండవచ్చు, వ్యాపారం పేరుతో ఉండవచ్చు, వ్యక్తిత్వ వికాసం పేరుతోనూ ఉండవచ్చు. వాళ్లు దేన్ని నమ్ముతారన్నదానితో నాకు పేచీ లేదు. లోపలికి వచ్చిన మనిషిని మిగతా మనుషులందరి నుంచీ ఎలా విడదీస్తారన్నదే నాకు కావాలి.

మా ఊరు పరకాల దగ్గర. మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ఈ సంగతులు సభలో చెప్పవచ్చా అని అడిగితే ‘చెప్పు, నా పేరు మాత్రం చెప్పకు’ అంది. 1987లో, ఇరవై రెండేళ్ల వయసులో, భర్త పోయి పుట్టింటికి వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఎవరింట్లోనైనా పెళ్లి చూపులంటే ఆమెకు పెరట్లో పని పురమాయించేవారు. ఎవరైనా ప్రయాణమై బయలుదేరుతుంటే తనంతట తానే తలుపు చాటుకు తప్పుకునేది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు కోసుకొచ్చింది ఆమె, వరసలు పేర్చింది ఆమె. చెరువు గట్టు మీద పసుపు పంచుకునే వేళకు మా మేనత్త ‘నువ్వు ఇంటికి పద బిడ్డా, పశువులు వచ్చే వేళయింది’ అని మెత్తగా పంపించేసింది. నేను అప్పుడు పదహారేళ్ల దాన్ని. అంతా చూశాను. ఏమీ అనలేదు.

మరుసటి ఏడు ఇద్దరు ఆడవాళ్లు మా వాడకు వచ్చారు. తెల్ల చీరలు, చేతిలో చిన్న పుస్తకాలు. వారానికి ఒక రోజు భజన, ఒక గంట ప్రవచనం అన్నారు. అక్కను పేరు పెట్టి పిలిచారు. అది మామూలు విషయమని మీకు అనిపించవచ్చు. ఇంట్లో అప్పటికి ఆమె ‘ఆ పిల్ల’ అయిపోయింది. రెండో వారం ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. మూడో వారం జ్యోతి వెలిగించమన్నారు. పదిమంది ముత్తైదువులు చూస్తుండగా మా అక్క జ్యోతి వెలిగించింది. ఇంటికి వచ్చాక అగ్గిపుల్ల గీసిన వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. చెప్పండి, ఆమె నాలుగో వారం ఎందుకు వెళ్లకూడదు?

అమాయకులు, చదువులేనివాళ్లు ఇలాంటి చోట్లకు వెళ్తారని మనం అనుకుంటాం. అది మన ధైర్యం కోసం మనం చెప్పుకునే మాట. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో విషవాయువు వదిలిన ఓం షిన్రిక్యో గుంపులో గుండె శస్త్రచికిత్స చేసే వైద్యుడు ఉన్నాడు, భౌతికశాస్త్రం చదివిన పరిశోధకులు ఉన్నారు. అసలు గురువే అక్కరలేదు కూడా. 2018 జులై 1న ఢిల్లీ బురాడీలో ఒకే ఇంట్లో పదకొండు మంది చనిపోయి కనిపించారు. పోలీసులకు దొరికిన రిజిస్టర్ల నిండా ఎవరు ఏం చేయాలో ఏళ్ల తరబడి రాసుకున్న ఆదేశాలు ఉన్నాయి. ఆ కుటుంబం రోజూ దుకాణం తెరిచింది, ఇరుగుపొరుగుతో నవ్వుతూ మాట్లాడింది. ఇంటి లోపలి మాట మాత్రం గడప దాటలేదు.

చదువు మనిషిని కాపాడదు. ఆ చోటికి వెళ్లే రోజు మనిషి ఎంత ఒంటరిగా ఉన్నాడన్నదే లెక్క. ములుగు నుంచో, మహబూబాబాద్ నుంచో వచ్చి ఇక్కడ హన్మకొండ నయీంనగర్‌లో గది అద్దెకు తీసుకుని, మూడోసారి కూడా పోటీ పరీక్ష తప్పి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక పండగకు ఊరికి వెళ్లని పిల్లవాడు ఉంటాడు. జగిత్యాల వైపు, సిరిసిల్ల వైపు, భర్త గల్ఫ్‌లో ఉండి, అత్తగారింట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా మనసు విప్పి మాట్లాడే మనిషి లేని కోడలు ఉంటుంది. వీళ్ల తలుపు ముందుగా తడతారు. మనం తట్టని తలుపు కాబట్టి అది వాళ్లకు సులువుగా తెరుచుకుంటుంది.

ఇక అక్కకు లోపల ఏం జరిగిందో చెబుతాను. ఇవన్నీ ఆమె తిరిగి వచ్చాక, ఏళ్ల మీద, ముక్కలు ముక్కలుగా చెప్పినవి.

మొదట వారానికి గంట. తర్వాత ఆదివారమంతా. తర్వాత పది రోజుల శిబిరం. ఇల్లు వదిలి రమ్మని మొదటి రోజే అడిగితే ఎవరు వెళ్తారు? ప్రతిసారీ అంతకు ముందు ఇచ్చినదానికంటే కాస్త ఎక్కువ అడిగారు, అంతే. నిన్న ఇచ్చాం కదా, ఈ రోజు ఇవ్వనంటే నిన్నటిది కూడా తప్పయిపోతుంది కదా అని మనిషి తనకు తానే నచ్చజెప్పుకుంటుంది. 1989లో శిబిరం నుంచి నేరుగా వేరే జిల్లాలో ఉన్న ఆశ్రమానికి వెళ్లిపోయింది. తన వాటాకు వచ్చిన రెండు ఎకరాలు రాసిచ్చింది.

అక్కడ తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి. పడుకునేసరికి పదకొండు. మధ్యలో వంట, తోట పని, పుస్తకాలు కుట్టడం, మూడు పూటలా ప్రవచనం. నిద్ర చాలని మనిషికి కన్నీళ్లు త్వరగా వస్తాయి, వైద్యం తెలిసిన ఎవరిని అడిగినా చెబుతారు. ఆ కన్నీళ్లకు అక్కడ ‘భక్తి’ అని పేరు పెట్టారు. ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. బావి దగ్గరికి వెళ్లినా జత, మందుల దుకాణానికి వెళ్లినా జత. అది కాపలా అని అక్కకు తోచలేదు. ఇంట్లో రెండేళ్లు ఒంటరిగా ఉన్న మనిషికి జత దొరికితే ఎంత బాగుంటుందో ఊహించండి.

రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు, చైనా నిర్బంధం నుంచి, కొరియా యుద్ధ ఖైదీల శిబిరాల నుంచి బయటపడినవారితో మాట్లాడి 1961లో ఈ పద్ధతిని ఎనిమిది లక్షణాలుగా వివరించాడు. ఎనిమిదీ మీకు పాఠంలా అప్పజెప్పను. మా అక్క అనుభవంలో నాకు బాగా అర్థమైనవి రెండు: ఒకటి భాష, రెండు ఒప్పుకోలు.

భాష సంగతి వినండి. అక్కడ ప్రశ్న అడిగితే అది ప్రశ్న కాదు, ‘అహం’. అలసిపోయానంటే ‘మాయ’. ఇంటికి ఉత్తరం రాయాలనిపిస్తే ‘వెనక్కి చూడటం’. ఎవరైనా వెళ్లిపోతే ‘పతనం’. నాలుగు మాటలే. కానీ ఆలోచించండి, అమ్మ గుర్తుకు వచ్చిన ప్రతిసారీ మనసులో మొదటగా మెదిలేది ‘వెనక్కి చూస్తున్నాను’ అనే మాట అయితే, అమ్మ ముఖం కనిపించకముందే తప్పు చేసినట్టు గుండె దడదడలాడుతుంది. బయటి నుంచి ఎవరూ కసరనక్కరలేదు. అక్క తిరిగి వచ్చిన ఏడాది తర్వాత కూడా, పనిచేసి నడుం నొప్పెడితే ‘మాయగా ఉంది’ అనేది. నేను ‘నొప్పిగా ఉందా అక్కా’ అని అడిగితే కాసేపు ఆలోచించి, ‘అవును, నొప్పి’ అనేది. ఆ ఒక్క మాట తిరిగి నేర్చుకోవడానికి ఆమెకు ఏడాది పట్టింది.

ఒప్పుకోలు ఇంకా లోతైనది. రోజూ రాత్రి ఒక నోటు పుస్తకంలో ఆ రోజు మనసులోకి వచ్చిన చెడ్డ ఆలోచనలు రాసి, ఆశ్రమాన్ని నడిపే పెద్దమ్మగారికి ఇవ్వాలి. అక్క నిజాయితీ గల మనిషి, అన్నీ రాసింది. భర్త మీద కోపం, మా మేనత్త మీద కోపం, రాత్రి వచ్చే కలలు. ఒక గురువారం అందరి మధ్యా ఆమె పేజీ ఒకటి చదివారు. తర్వాత దగ్గరికి తీసుకుని ఓదార్చారు కూడా. ఆ రెండూ ఒకే మనిషి చేయడం గమనించండి. గాయం చేసిన చేయే మందు రాస్తే, మనిషి ఆ చేతిని వదిలి ఎక్కడికి పోగలదు? పైగా ఆ పుస్తకాలన్నీ వాళ్ల బీరువాలో ఉన్నాయి. ఎవరూ బెదిరించలేదు. బీరువా అక్కడ ఉంటే చాలు.

మీలో కొందరు జోన్స్‌టౌన్ పేరు విని ఉంటారు. 1978 నవంబరు 18న దక్షిణ అమెరికాలోని గయానా అడవిలో తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మూడు వందల మందికి పైగా పిల్లలు. ఎక్కువమంది సయనైడ్ కలిపిన పానీయంతో పోయారు. ఈ సంఘటన చెప్పగానే ‘పిచ్చివాళ్లు’ అనేస్తారు. వాళ్లను నడిపించిన జిమ్ జోన్స్ చర్చి 1950లలో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మొదలైనప్పుడు అది నల్లవారు, తెల్లవారు పక్కపక్కన కూర్చునే చోటు. చాలా చర్చిల్లో ఆ రెండు వర్ణాలవారు కలిసి కూర్చోని రోజులవి. ముసలివాళ్లకు అన్నం, పేదలకు సాయం. మంచి కోసమే వెళ్లారు వాళ్లంతా. మా అక్క జ్యోతి వెలిగించడానికి వెళ్లినట్టే.

తర్వాత కాలిఫోర్నియా, అక్కడి నుంచి అడవి. పాస్‌పోర్టులు తీసి పెట్టుకున్నారు. ఉత్తరాలు చదివాకే బయటికి పంపేవారు. లౌడ్ స్పీకర్లలో పగలూ రాత్రీ అతని గొంతే. ఇది విషమని చెప్పి పానీయం తాగించి, కాదని తర్వాత చెప్పిన రాత్రులు కూడా ఉన్నాయి. చివరి రోజుకు అవి సాధన అయ్యాయి. కానీ నేను ఎప్పుడూ తలుచుకునేది ఇంకో విషయం. అమెరికాలో మిగిలిపోయిన బంధువులు కొందరు ఊరుకోలేదు. ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు, పత్రికల చుట్టూ తిరిగారు. వాళ్ల ఒత్తిడి వల్లే లియో రయాన్ అనే అమెరికా చట్టసభ సభ్యుడు అక్కడికి వెళ్లాడు. వెళ్లిన రోజు రాత్రి అంతా పాటలు, ఆనందం. ఆ ఆనందం మధ్యలో ఎవరో వచ్చినవారి చేతిలో చిన్న చీటీ పెట్టారు, మమ్మల్ని ఇక్కడి నుంచి బయటికి తీసుకెళ్లండి అని. మర్నాడు ఇంకొందరు ధైర్యం చేసి ఆయన వెంట బయలుదేరారు. రయాన్‌ను విమానం దగ్గర కాల్చి చంపారు. అయినా ఆ వెంట వచ్చినవారిలో చాలామంది బతికారు. బయటి నుంచి ఒక్క మనిషి వచ్చి నిలబడితేనే ఆ చీటీ రాసే చేయి కదిలింది.

ఇదే విషయాన్ని సాలమన్ ఆష్ అనే శాస్త్రవేత్త 1950లలో ప్రయోగశాలలో చూపించాడు. కొంతమందిని కూర్చోబెట్టి, ఈ గీతంత పొడవున్న గీత ఆ మూడింటిలో ఏదో చెప్పమన్నాడు. చిన్న పిల్లలు కూడా చెప్పగలరు. అయితే ఆ గదిలో నిజంగా పరీక్షకు వచ్చింది ఒక్కరే, మిగతావారంతా ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెబుతారు. అలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు సుమారు మూడింట ఒక వంతు సార్లు, ఆ ఒక్క మనిషి తన కళ్లను కాదని గుంపు మాటే చెప్పాడు. తర్వాత ఆష్ చిన్న మార్పు చేశాడు. గుంపులో ఒక్కరి చేత సరైన జవాబు చెప్పించాడు. అంతే, తప్పులు మునుపటి వాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. పదిమంది తోడు అక్కరలేకపోయింది. ఒక్క గొంతు చాలింది.

కట్టడి గుంపుకు ఈ సంగతి ప్రయోగం చేయకుండానే తెలుసు. అందుకే ఆ ఒక్క గొంతును ముందు తీసేస్తుంది. మనం ఏం చేస్తాం? ఆ పనిలో దానికి సాయం చేస్తాం.

అక్క పొలం రాసిచ్చిందని తెలిసిన రోజు మా బాపు ఆశ్రమానికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండాకాలం బావి పూడిక తీస్తూ మా చదువులకు డబ్బు కట్టిన మనిషి. గేటు దగ్గర, నలుగురి ముందు, ‘ఇక నా గడప తొక్కవద్దు’ అన్నాడు. ఆ ఒక్క వాక్యాన్ని వాళ్లు పదకొండేళ్లు వాడుకున్నారు. ఇంటి మీద మనసు పోయిన ప్రతిసారీ ‘అక్కడ నీకు గడప లేదు కదమ్మా’ అని గుర్తుచేసేవారు. అబద్ధం చెప్పనక్కరలేకపోయింది. మేమే నిజం చేసి ఇచ్చాం.

అమ్మ మాత్రం ఏటా సంక్రాంతికి సకినాలు పంపేది. ఆ పట్నానికి ధాన్యం లారీ తోలే మా ఊరి డ్రైవర్ చేతికి డబ్బా ఇచ్చేది. బాపుకు తెలియకుండా అని అమ్మ అనుకునేది. అంత పిండి, అన్ని నువ్వులు ఏమయ్యాయో బాపుకు తెలియదా? ఆయనా అడగలేదు. డ్రైవర్ గేటు దగ్గర ఇచ్చి వచ్చేవాడు. ఆమె మౌనవ్రతంలో ఉందనో, సేవలో ఉందనో చెప్పి డబ్బా తీసుకునేవారు. అవి సామాన్ల గదిలోకి వెళ్లి, అందరికీ ప్రసాదంలా పంచేవారు. అక్కకు ఎన్నడూ చెప్పలేదు. ‘మీవాళ్లు నిన్ను మరిచిపోయారు’ అన్నదే ఆమెకు తెలిసిన వార్త.

తొమ్మిదో ఏడు ఆమెకు వంటశాల పని పడింది. ఒక మధ్యాహ్నం సామాన్ల గదిలో ఒక డబ్బా మూత తీసింది. సకినాలు. మీ ఇళ్లలో చేసేవారికి తెలుసు, బట్ట మీద పిండిని వేళ్లతో తిప్పుతూ చుట్లు వేస్తాం కదా, ఆ చుట్టు ఎవరిది వారిదే. చేతి రాత లాంటిది. మా అమ్మ చివరి చుట్టు కొసను లోపలికి మడిచి నొక్కేది, బొటనవేలి గుర్తు పడేలా. వాము కాస్త ఎక్కువ వేసేది. అక్క ఆ డబ్బా ముందు నిలబడి, వేలి గుర్తు ఉన్న చోట తన బొటనవేలు పెట్టి చూసింది. ఒకటి తిన్నది. అనుమతి లేకుండా తినడం అక్కడ తప్పు. ఆ రాత్రి నోటు పుస్తకంలో ఆ తప్పు రాయలేదు. తొమ్మిదేళ్లలో ఆమె రాయని మొదటి విషయం అది.

వెంటనే పారిపోయి వచ్చిందనుకోకండి. ఇంకో రెండేళ్లు అక్కడే ఉంది. కథల్లో అయితే ఆ రాత్రే గోడ దూకేది. మనుషులు అలా కదలరు. రాయని విషయాలు ఒక్కొక్కటిగా పోగవుతూ వచ్చాయి, అంతే. 2000లో ఒక రోజు మందుల కోసం పట్నం వెళ్లినప్పుడు, జతగా వచ్చిన అమ్మాయి వరసలో నిలబడి ఉండగా, బస్సెక్కింది. పరకాల బస్టాండులో పొద్దున దిగి సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుంది. ఊరు ఎంతో దూరం లేదు. గడప లేదు కదా, ఎక్కడికి వెళ్తుంది? మా ఊరి మనిషి ఎవరో చూసి చెబితే బాపు సైకిల్ మీద వెళ్లాడు. ఏమీ అడగలేదు. బెంచీ మీద పక్కన కూర్చుని, ‘అన్నం తిన్నావా బిడ్డా’ అన్నాడట. ఆయన పోయేదాకా ఆ గేటు దగ్గర అన్న మాట గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుని ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తిరిగి వచ్చిన మనిషి మన మనిషే అని మనం అనుకుంటాం. ఆరు నెలల పాటు ‘పడుకోవచ్చా?’ అని అడిగి పడుకునేది. స్నానానికి వెళ్లవచ్చా అని అడిగేది. చీర కొనడానికి హన్మకొండ చౌరస్తాకు తీసుకువస్తే, రెండు చీరల మధ్య ఏది కావాలో చెప్పలేక ఏడ్చింది. దుకాణదారు కంగారుపడ్డాడు. పదకొండేళ్లు ఏ చిన్న నిర్ణయమూ తనది కాని మనిషికి రంగు ఎంచుకోవడం కూడా కొండంత పని. అప్పుడు ఇంట్లో మేము చేసిన తప్పులు కూడా చెబుతాను. ‘ఎలా నమ్మావు?’ అని నేనే ఎన్నోసార్లు అడిగాను. చదువుకున్న దాన్ని, పాఠం చెప్పే దాన్ని. ఆ ప్రశ్న ఆమెకు మళ్లీ ఆ గురువారం సభలా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పటి సంగతికి వస్తాను. ఇప్పుడు ఆశ్రమం దాకా వెళ్లనక్కరలేదు. ఫోను చాలు. పొద్దున నాలుగు గంటలకు వాట్సాప్ గ్రూపులో హాజరు, రాత్రి ‘ఈ రోజు ఏం సాధించాను’ అని అందరికీ కనిపించేలా రాయడం, మధ్యలో జూమ్ సమావేశాలు. గొలుసుకట్టు వ్యాపారాల్లో చేరిన నా పాత విద్యార్థులు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల మాటల్లో దేవుడు ఉండడు, కారు ఉంటుంది, విదేశీ యాత్ర ఉంటుంది. కానీ భాష పద్ధతి అదే. లెక్కలు అడిగిన బాబాయి ‘నెగెటివ్ మనిషి’. వద్దన్న తల్లి ‘కలలు చంపే మనిషి’. చేర్పించడానికి స్నేహితుల జాబితా రాయిస్తారు. డబ్బు పోయే వేళకు ఆ జాబితాలోని స్నేహితులందరూ దూరమై ఉంటారు. ఇక మిగిలింది గ్రూపులోని వాళ్లే. ఇది ఎంత పకడ్బందీ ఏర్పాటో చూడండి.

బయటికి వచ్చి నిజం చెప్పినవారిని వెంటనే నమ్మడం కూడా మనకు చేతకాదు. హర్యానాలోని డేరా సచ్చా సౌదా ఆశ్రమ అధిపతి తన మీద అత్యాచారం చేశాడని ఒక సాధ్వి రాసిన పేరు లేని ఉత్తరం 2002లో బయటికి వచ్చింది. కోర్టు అతన్ని దోషి అన్నది 2017 ఆగస్టులో. పదిహేనేళ్లు. ఆ ఉత్తరాన్ని అచ్చువేసిన విలేఖరి రామచందర్ ఛత్రపతిని 2002లోనే కాల్చారు, ఆయన బతకలేదు. కాబట్టి మీ ఇంటి పిల్ల వచ్చి ఏదైనా చెబితే, సాక్ష్యం అడగకముందు మంచినీళ్లు ఇవ్వండి.

నేను చెప్పదలుచుకున్నది దాదాపు అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక ఉపాధ్యాయుడు: మా కాలనీలోనూ భజన మండలి ఉంది, మా ఆవిడ వెళ్తుంది. అన్నింటినీ అనుమానించాలా?)

వద్దు సార్. మా అమ్మ చివరి దాకా భజనకు వెళ్లింది, నేనే తీసుకువెళ్లేదాన్ని. ఒక్క విషయం గమనించండి: అక్కడ మానేసి వెళ్లిపోయినవారి గురించి మిగతావారు ఎలా మాట్లాడుకుంటారు? ‘ఆమెకు వీలు కావడం లేదట, కోడలు కాన్పుకు వెళ్లింది’ అని మామూలుగా అనుకుంటే భయం లేదు. వెళ్లిపోయినవాళ్లు చెడిపోయారనీ, వాళ్లతో మాట్లాడవద్దనీ అంటే జాగ్రత్తపడండి. డబ్బు లెక్క అడిగితే ఏం జరుగుతుందో కూడా ఒకసారి చూడండి. ఇంకొకటి, మీ ఆవిడ వారంలో మిగతా రోజులు ఎవరితో మాట్లాడుతున్నారు? మీరు మాట్లాడుతున్నారా?

(ఒక యువతి: చట్టం ఏమీ చేయలేదా? పోలీసులకు చెబితే మేజర్ కదా అంటున్నారు.)

వాళ్లు చెప్పేది అబద్ధం కాదమ్మా. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి ఎక్కడ ఉండాలో, ఏం నమ్మాలో నిర్ణయించుకునే హక్కు మన రాజ్యాంగం ఇచ్చింది. ఆ హక్కు పోవాలని నేను కోరుకోను, అది పోతే మొదట నష్టపోయేది ఆడపిల్లలే. నిర్బంధించారని అనుమానం ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. కోర్టు ఆ మనిషిని పిలిపించి మాట్లాడుతుంది. నా ఇష్టంతో ఉన్నానని ఆమె చెబితే మాత్రం అక్కడితో ఆగుతుంది. అందుకే కోర్టు గదిలో ఆమె మిమ్మల్ని చూసే ఆ కొన్ని నిమిషాల్లో మీ ముఖం ఎలా ఉంటుందన్నది కూడా ముఖ్యమే. పిల్లలు చిన్నవాళ్లయితే 1098కు ఫోన్ చేయండి, ఆలస్యం చేయకండి. గొలుసుకట్టు వ్యాపారమైతే 1978 నుంచే నిషేధ చట్టం ఉంది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను కాదన్నాయి. రసీదులు, సందేశాలు తుడిచేయకుండా దాచి ఫిర్యాదు చేయండి. ఇంట్లోవాళ్లకు నిద్రపట్టకపోతే, దిగులు పట్టుకుంటే 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ ఉంది, తెలుగులో మాట్లాడతారు.

(వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి: మా అబ్బాయి ఇలాంటి గుంపులోకి వెళ్లిపోయి ఎనిమిది నెలలైంది. ఇంజనీరింగ్ చదివాడు. ఫోన్ ఎత్తడు. మెసేజ్‌లు చూస్తున్నాడు కానీ జవాబు లేదు. నేను చాలా తిట్టాను మేడం.)

కూర్చోండి అన్నా. తిట్టని తండ్రి ఎవరున్నారు చెప్పండి. చూస్తున్నాడన్నారు కదా, అది చాలా పెద్ద సంగతి. ఇప్పటిదాకా ఏం రాశారు? ఇంటికి రా, అమ్మ ఏడుస్తోంది, వాళ్లు మోసగాళ్లు, ఇవే కదా? ఇవి వస్తాయని వాళ్లు అతనికి ముందే చెప్పి ఉంటారు. రాగానే ‘చూశావా, చెప్పాంగా’ అంటారు. ఈ మూడూ కొన్నాళ్లు ఆపండి. తిట్టినందుకు ఒక్కసారి, ఒక్క వాక్యంలో, తప్పయిందని రాయండి. ఎందుకు తిట్టానో వివరించకండి. తర్వాత వారానికి ఒకటి, ఇంటి కబుర్లు రాయండి. బర్రె ఈనిందా? దూడ ఫొటో పెట్టండి. మీరు ఏం పండిస్తారు, మిర్చా? ఎనుమాముల మార్కెట్లో ఈసారి ఏ ధర పలికిందో రాయండి. అతని బండి ఉంటే, నెలకోసారి స్టార్ట్ చేసి ఉంచుతున్నానని రాయండి. జవాబు అడగకండి. బాకీ వసూలు చేస్తున్నట్టు ఉండకూడదు. అతనికి చిన్నప్పటి స్నేహితుడు ఎవరైనా ఉంటే, ఆ స్నేహితుణ్ని కూడా అప్పుడప్పుడు క్రికెట్ గురించో, సినిమా గురించో రాస్తూ ఉండమనండి.

అన్నా, ఇంకొక్కటి. మీ నంబరు మార్చకండి. కంపెనీ మారినా అదే నంబరు ఉంచుకోండి, రీచార్జి అయిపోకుండా చూసుకోండి. రాత్రి పూట ఫోను మూగగా పెట్టకండి. తెలియని నంబరు నుంచి వచ్చినా ఎత్తండి, అవతల ఎవరూ మాట్లాడకపోయినా వెంటనే పెట్టేయకండి.